ఎనిమిది గోతాలు, 8,296 కుట్లు: ఒక ఇన్‌స్టలేషన్ పని డైరీ

ఫిబ్రవరి 11

తాతగారి ఊళ్లో పాత ధాన్యపు కొట్టు అటక మీద నుంచి ఈ రోజు పదకొండు గోతాలు దించాను. మూడింటిని ఎలుకలు కొరికి జల్లెడ చేశాయి. దులిపి, ఎండలో పరిచి చూస్తే పనికొచ్చేవి ఎనిమిదే మిగిలాయి. ఆ లెక్క చూసి కాసేపు కొట్టు గుమ్మంలోనే కూర్చుండిపోయాను. చుండూరు హత్యల మీద ఒక ఇన్‌స్టలేషన్, అంటే వస్తువులతో ఒక చోట కట్టే కళాకృతి, చేయాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను గానీ, ఏ వస్తువుతో మొదలుపెట్టాలో తేలక నోటుపుస్తకాలు నింపుతూ వచ్చాను. ఇప్పుడు ఆ వస్తువు మా ఇంట్లోనే దొరికింది.

ఇవి 75 కిలోల ధాన్యం పట్టే జనపనార గోతాలు. ఇప్పుడు మా వైపు కళ్లాల్లో తెల్లటి ప్లాస్టిక్ సంచులే ఎక్కువగా కనిపిస్తున్నాయి కాబట్టి, ఇలాంటివి పాత ఇళ్లలో తప్ప చేతికి రావు. మూతి దగ్గర నీలిరంగు చార, దాని కింద చెరిగిపోయిన మిల్లు అచ్చు, అడుగున ఎవరో దబ్బనంతో వేసిన మాసిక ఉన్నాయి. వీటిని కుట్టిన కూలీల పేర్లు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేవు. ఎన్ని బస్తాలు పండాయో మాత్రం తాతగారి ఖాతా పుస్తకంలో సంవత్సరాల వారీగా ఉంది.

చుండూరులో ఏం జరిగిందో ముందే రాసుకోవడం మంచిది, ఎందుకంటే పనిలో పడ్డాక చేతికి వస్తువే కనిపిస్తుంది, విషయం జారిపోతుంది. సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు ముందు వరుసలోని అగ్రకుల యువకుడికి తగిలిందన్న గొడవ ముదిరి, దళితుల సాంఘిక బహిష్కరణ దాకా వెళ్లింది. చివరికి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను పొలాల వెంట తరిమి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయినులోనూ కాలువలోనూ పారేశారు. అప్పట్లో ఆ ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 1985 జూలై 17న ఆరుగురు దళితులను బలిగొన్న కారంచేడు కూడా ఇప్పుడు అదే జిల్లాలోకి వచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మాది పొలాలున్న కులం, చుండూరుకు దూరం కాని ఊరు. ఆ వారమంతా మా ఇంట్లో వినిపించిన మాట ‘గొడవలంట’ అన్నదొక్కటే. పెద్దవాళ్లు వీధి తలుపు వేసి, రేడియో చప్పుడు తగ్గించి, పిల్లలను పెరట్లో ఆడుకోమన్నారు. ఈ పని చేయడానికి నాకు హక్కుందా అన్న ప్రశ్న ఆ వేసిన తలుపు దగ్గరే మొదలవుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. గోతాలు మాత్రం మావే.

ఫిబ్రవరి 20

మొదటి నమూనా కట్టాను. రెండు గోతాల్లో కాలువగట్టు ఒండ్రుమట్టి తడిపి కూరి, మూతి పురికొసతో బిగించి, షెడ్డు దూలానికి మోకుతో వేలాడదీశాను. అసలు ఆలోచన ఏమిటంటే ఎనిమిది గోతాలూ మనిషి ఎత్తున వేలాడుతుంటాయి, మట్టిలోని నీరు బొట్లుబొట్లుగా కింది రేకు పళ్లేల్లో పడుతుంటుంది, ప్రదర్శన సాగే కొద్దీ మట్టి ఎండి బీటలు వారుతుంది.

కాగితం మీద బాగున్నది షెడ్డులో బాగాలేదు. ఒక్కో గోతాం ఎనభై కిలోలకు మించి తూగి దూలం కిర్రుమంది. మూడో రోజుకు గోనె కుళ్లి వాసన మొదలైంది. వీటిని సవరించుకోవచ్చు. సవరించుకోలేనిది ఇంకొకటి ఉంది: పొద్దున షెడ్డు తలుపు తీసినప్పుడు నాకే గుండె జల్లుమన్నది. అది గోతాం కాదు, శవం. ఆ జల్లుమనడం కోసమే దీన్ని కట్టానా అని నన్ను నేను అడిగితే, అవుననే చెప్పుకోవలసి వచ్చింది.

ఫిబ్రవరి 24

వేలాడదీయడమన్న ఊహ నాకెక్కడి నుంచి వచ్చిందో ఈ రోజు పట్టుకున్నాను. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ నగరంలో 2018 ఏప్రిల్‌లో ఒక స్మారకం తెరిచారు. తెల్లవాళ్ల మూకలు చంపిన 4,400 మందికి పైగా నల్లజాతి మనుషుల కోసం అక్కడ 800కు పైగా ఉక్కు దిమ్మెలను కప్పు నుంచి వేలాడదీశారు. ఒక్కో దిమ్మె ఒక్కో కౌంటీది (మన జిల్లా లాంటిది), దాని మీద ఆ కౌంటీలో చనిపోయినవారి పేర్లుంటాయి. నడుస్తున్న కొద్దీ నేల దిగిపోతూ, మొదట కంటికి ఎదురుగా ఉన్న దిమ్మెలు చివరికి తలపైకి వెళ్తాయి. ఫొటోల్లో చూసి ఆ రూపాన్ని తెలియకుండానే ఎత్తుకొచ్చాను. అక్కడ వేలాడటానికి కారణముంది, ఎందుకంటే ఆ మనుషుల్లో చాలామందిని చెట్లకు ఉరితీశారు. చుండూరులో ఎవరినీ ఉరితీయలేదు. అక్కడున్నవి పొలం, గట్టు, గోతాం, కాలువ. ఇంకొక చోటి చావు తీరును తెచ్చి ఇక్కడి చావుకు తొడగడం పొరపాటే కాదు, ఒక రకంగా ఇక్కడ జరిగినదాన్ని చెరిపేయడం కూడా.

రెండు గోతాలూ దించి, మట్టి దులిపి, ఉతికి ఆరేశాను.

మార్చి 6

చుండూరు వెళ్లాను. చనిపోయినవారిని ఊరవతల శ్మశానంలో కాకుండా ఊళ్లోనే సమాధి చేసి, ఆ చోటును రక్తక్షేత్రమని పిలుచుకుంటున్నారు. ఏటా ఆగస్టు 6న అక్కడ సభ జరుగుతుంది. నేను వెళ్లింది సభ లేని మామూలు రోజు కాబట్టి సమాధుల పక్కన కాసేపు నిలబడి, ఫొటోలు తీయకుండా, తెలిసినవారి ద్వారా కబురు పెట్టుకున్న ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ఆమె పేరు ఇక్కడ రాయను. డెబ్బై దాటిన మనిషి.

కుర్చీ నాకు వేసి తాను గడప మీద కూర్చున్నారు. నేను కిందికి దిగి కూర్చుంటే కంగారుపడి, ‘పైన కూచోండమ్మగారూ, చీర మాసిద్ది’ అన్నారు. నా వయసుకు ఆమె నన్ను నువ్వనాలి. ఊరు పేరు చెప్పగానే మా ఇల్లెలాంటిదో ఆమెకు అర్థమైపోయింది, ఆ ‘మీరు’ దానికోసం. నేను ‘పెద్దమ్మా’ అన్నాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

నమూనా ఫొటో చూపించాను. చేతిలోకి తీసుకోకుండా దూరం నుంచే చూసి, కాసేపటికి, ‘మేం జూసినయ్యే గదండీ ఇయ్యి. మళ్లీ మాకు జూపిచ్చేదేంది?’ అన్నారు. చూడనివాళ్ల కోసం అని నేను చెప్పబోయాను. ఆ జవాబు నా నోట్లో ఉండగానే ఎంత తేలికగా ఉందో తెలిసి ఆగిపోయాను. వచ్చేటప్పుడు ఆమె అన్న మాటే దారి పొడుగునా వెంట వచ్చింది: ‘సంపింది ఒక్క పూటండీ. దాని తర్వాత తిరిగాం సూడండీ, అది ఎవురికీ కనపడదు.’

తిరిగామంటే కోర్టు చుట్టూ.

మార్చి 15

హైదరాబాదులో ఒక గ్యాలరీవారు ముందు ఆసక్తి చూపించి, ఈ రోజు వద్దన్నారు. కారణం అడిగితే ‘ఊరి పేరు లేకుండా చేయలేరా’ అని అడిగారు. సాధారణంగా ‘హింస’ గురించి అయితే అభ్యంతరం లేదట. ఊరు, తేదీ, కులం లేని హింస ఎవరికీ తగలదు కాబట్టే అభ్యంతరం ఉండదని చెప్పి ఫోను పెట్టేశాను. కోపంలో చేసిన పనే, చోటు పోయింది. తెనాలి దగ్గర వాడకంలో లేని ధాన్యం గోదాము ఒకటి అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోవాలి.

మార్చి 22

పెద్దమ్మ అన్న ‘తిరిగాం సూడండీ’కి రూపం ఏమిటన్నదే ఈ వారమంతా ఆలోచన. ఇద్దరు కళాకారుల పనులను మళ్లీ దగ్గరగా చూశాను.

ఒకరు వివాన్ సుందరం. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలల్లో బొంబాయిలో జరిగిన అల్లర్ల తర్వాత, వీధిలో పడి ఉన్న ఒక గుర్తు తెలియని మనిషి శవం ఫొటోను పత్రికలో చూసి ఆయన ‘మెమోరియల్’ చేశారు. ఆ ఫొటోనే మళ్లీమళ్లీ వాడుతూ, దాని మీద మేకులు దిగేస్తూ, కప్పుతూ, గాజు పెట్టెల్లో పెట్టి ఒక సమాధి మందిరంలా కట్టారు. శవాన్ని చూపడం, కప్పడం రెండూ ఒకే చేత్తో చేసిన పని అది. అయినా దానికి కేంద్రం శరీరమే, నేను వదులుకోవలసిందీ అదే.

రెండోవారు కొలంబియాకు చెందిన డోరిస్ సాల్సెడో. 1985 నవంబరు 6న బొగొటాలోని న్యాయస్థాన భవనాన్ని గెరిల్లాలు ఆక్రమించారు, సైన్యం దాడి చేసింది, రెండు రోజుల్లో న్యాయమూర్తులతో సహా ఎంతోమంది చనిపోయారు. సరిగ్గా పదిహేడేళ్ల తర్వాత, 2002లో అదే తేదీన, మళ్లీ కట్టిన ఆ భవనం గోడ మీదుగా పైకప్పు నుంచి ఆమె 280 ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటిగా కిందికి వదిలారు. దానికి 53 గంటలు పట్టింది. దారిన పోయేవారు తలెత్తి చూస్తే కనిపించేది కుర్చీలే. ఆమె కొలిచింది మాత్రం కాలాన్ని.

మా దగ్గర 53 గంటలు కాదు. చుండూరు కేసు కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, నేరం జరిగిన చోటే విచారణ జరగాలని దళితులు పట్టుబట్టి సాధించుకున్నది అది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. హత్యలు జరిగిన సమయమూ, స్థలమూ, దాడి చేసిందెవరన్నదీ ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని కారణం చెప్పింది. ఈ మూడు తేదీల మధ్య ఉన్న రోజులను గోతాం మీద కుడితే?

రోజుకొక కుట్టు. దబ్బనం, పురికొస, ఎనిమిది గోతాలు, ఇంకేమీ వద్దు.

మార్చి 29

కొలతలు. గోతానికి అడుగున మడత, రెండు పక్కలా కుట్టు ఉంటుంది. పక్క కుట్లు విప్పితే 88 అంగుళాల పొడవు, 26 అంగుళాల వెడల్పు ఉన్న పట్టా అవుతుంది. నాలుగేసి పట్టాలను పొడవునా కలిపి, రెండు అంతస్తులుగా అతికితే దాదాపు 29 అడుగుల పొడవు, నాలుగడుగులకు పైగా ఎత్తు ఉన్న ఒకే గుడ్డ వస్తుంది. దాని మీద ఏడాదికొక వరుస చొప్పున, ఆగస్టు 6న మొదలై మరుసటి ఆగస్టు 5న ముగిసేలా, 23 వరుసలు కుట్టాలి.

కుట్టు అంగుళం ఉండాలనుకున్నాను. చాలలేదు. 366 రోజుల లీపు సంవత్సరానికి 366 అంగుళాలు కావాలి, గుడ్డ ఉన్నదే 349. తొమ్మిదో గోతాం అతికిస్తే సరిపోతుందని నాకు సాయం చేస్తున్న కుర్రవాడు అన్నాడు. సరిపోతుంది, కానీ అప్పుడు తొమ్మిదవుతాయి. గోతాలను పెంచే బదులు కుట్టునే తగ్గించి, రెండున్నర సెంటీమీటర్ల చోట 2.3కు దించాను. పైకి ఒకటిన్నర సెంటీమీటర్లు కనిపిస్తుంది, మిగతాది వెనక దాగుతుంది. అటూ ఇటూ ఒక చెయ్యి పట్టేంత అంచు మిగులుతోంది.

ఎర్ర పురికొస వాడదామని కుర్రవాడి ఇంకొక సలహా. వద్దన్నాను. ఎర్రదారం కనపడగానే చూసేవాడికి అంతా అర్థమైపోయి, రెండో వరుస దాకా రాడు. గోతాం రంగులోనే కుడితే దగ్గరికి వచ్చి వంగితే గాని కుట్టు తెలియదు.

ఏప్రిల్ 3

లెక్క తప్పింది. కంప్యూటరు 1991 ఆగస్టు 6 నుంచి 2007 జూలై 31కి 5,838 రోజులని చెప్పింది, అక్కడి నుంచి 2014 ఏప్రిల్ 22కి 2,457. కలిపితే 8,295. సుద్దముక్కతో గుడ్డ మీద గుర్తులు పెడుతూ పోతే ఒకటి ఎక్కువ వస్తోంది. రెండు పూటలు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, తేదీల తేడా తీసినప్పుడు మొదటి రోజు లెక్కలోకి రాదు. తేడాగా చూస్తే ఆగస్టు 6 సున్నా.

పెద్దమ్మకు ఫోను చేసి అడిగాను. పొరపాటు ఎక్కడుందో వివరించేలోపే ఆమె, ‘ఆ రోజు లెక్కలోకి రాకపోవడమేంది?’ అన్నారు. 8,296.

ఏప్రిల్ 7 – మే 9

ఈ నెల రోజుల డైరీ వేలికొసలతోనే రాయాలి. మొదటి వరుస, అంటే 1991 ఆగస్టు నుంచి 1992 ఆగస్టు దాకా, లీపు సంవత్సరం కాబట్టి 366 కుట్లు, మూడు గంటల పది నిమిషాలు పట్టింది. చూపుడువేలు పక్కన బొబ్బ లేచింది. రెండో రోజు నుంచి వేలికి గుడ్డపీలిక చుట్టుకున్నాను. నార నూగు లేచి గొంతులో పడుతుంటే ముక్కుకు తువ్వాలు కట్టుకోవలసి వచ్చింది. గోతాల్లో మిల్లు నూనె వాసన ఇంకా పోలేదు. ఎండ ఎక్కే కొద్దీ కిరోసిను వాసనలా తలకు పడుతోంది.

తెనాలిలో గోతాలు బాగుచేసే ఒక పెద్దాయన నాకు పని నేర్పారు. నేను దబ్బనాన్ని సూదిలా వేలితో నెట్టేదాన్ని. ఆయన అరచేత్తో నెడతారు, మణికట్టు తిప్పి రెండు పోగుల సందున మొన దూర్చి, బొటనవేలితో లాగుతారు. పోగును చీల్చకుండా సందు వెతకడమే ఇందులోని నేర్పు. చీలిస్తే గుడ్డ అక్కడ వదులై, నాలుగు కుట్ల తర్వాత వరుస వంకర పోతుంది. నా మూడో వరుస, 1993–94, అలాగే వంకరపోయింది. విప్పి మళ్లీ కుడదామంటే ఆయన, ‘ఉండనీమ్మా, సంవత్సరాలన్నీ తిన్నగా నడుస్తయ్యా’ అని నవ్వారు. ఏ సంవత్సరాలో ఆయనకు నేను చెప్పలేదు. తర్వాత చెప్పాను. ఆయన ఏమీ అనలేదు గానీ మర్నాటి నుంచి కూలి తీసుకోలేదు. ఎందుకో నేనూ అడగలేదు.

రోజుకొక ఏడాది. ఐదో వరుస నడుస్తుండగా నేనొక అలవాటులో పడ్డానని గమనించాను. కుట్టు కుట్టుకీ నా జీవితంలో ఆ రోజు ఏం చేస్తున్నానో వెతుక్కుంటున్నాను. 1997లో పదో తరగతి పరీక్షలు. 1999లో ఇంటర్, హాస్టలు. 2003లో మొదటి ఉద్యోగం, మొదటి జీతంతో అమ్మకు చీర. అన్నీ ఆ వరుసల్లోనే ఉన్నాయి. మావి పరీక్షలు, పెళ్లిళ్లు, బదిలీలుగా గడిచిన రోజులే వాళ్లకు వాయిదాలు. ఈ మాట పుస్తకంలో చదివి ఉంటే తల ఊపి పేజీ తిప్పేసేదాన్ని. పదమూడో వరుస దగ్గర మెడ పట్టేసి పనాపి, ఎంత దూరం వచ్చానో చూద్దామని లేచి నిలబడితే, ఇంకా తీర్పు రాలేదు.

16వ వరుస చివర, ఐదు కుట్లు మిగిలి ఉండగా, 2007 జూలై 31 వచ్చింది. 5,839వ కుట్టు. మే 9న, 260 కుట్లున్న ఇరవై మూడో వరుసతో, పురికొస కత్తిరించాను. ఆ వరుసలో ఎనిమిది అడుగులు ఖాళీ.

మే 14

తీర్పు రద్దయింది కాబట్టి దాని తర్వాతి 2,457 కుట్లనూ విప్పేసి, చిల్లులు మాత్రమే మిగల్చాలన్నది మార్చి నుంచీ నా పథకం. పై వరుసలు కుట్లతో నిండుగా, కింది వరుసలు చిల్లులుగా ఉంటాయి, చూడటానికి గట్టిగా ఉంటుంది. విప్పే ముందు ఒకసారి చూపిద్దామని గుడ్డ చుట్ట ఆటోలో వేసుకుని చుండూరు వెళ్లాను.

పెద్దమ్మ ఇంటి ముందు చాప మీద సగం గుడ్డ పరిచాం. ఆమెతో పాటు ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు చేరారు. నేను వరుసలు చూపిస్తూ, ఇక్కడి నుంచి కుట్లన్నీ విప్పేస్తానని చెప్పాను. పెద్దమ్మ ఈసారి ‘మీరు’ అనలేదు.

‘ఎందుకు ఇప్పుతావమ్మాయ్?’

‘తీర్పు కొట్టేశారు కదా పెద్దమ్మా.’

‘తీర్పు కొట్టేశారు. ఆ రోజులు మాయి గదా. అయ్యెట్టా కొట్టేస్తారు?’

నేను మాట్లాడలేదు. ఆమె వేలితో పదహారో వరుస చివరికంటా వెళ్లి, అదెక్కడుందని అడిగి, నేను చూపించిన కుట్టు మీద గోరు పెట్టి, ‘ఇది ఒక్కటే తీసెయ్. పెట్టిందీ కోర్టే, తీసిందీ కోర్టే. కానీ చిల్లి మూయమాక’ అన్నారు.

నా పథకంలో బొమ్మ బాగుంది, లెక్క తప్పింది. శిక్ష పోయింది గాని ఆ ఏడేళ్ల తిరుగుడు పోలేదు. దాన్ని విప్పేస్తే హైకోర్టు చేయని పని కూడా నేను చేసినదాన్నయ్యేదాన్ని.

మే 17

ఒక్క కుట్టు తీయడం చెప్పినంత తేలిక కాదు. వరుసంతా ఒకే పోగు కాబట్టి, నడుమ ఒకటి లాగితే అటూ ఇటూ పది కుట్లు వదులవుతాయి. తెనాలి పెద్దాయన వచ్చి గుడ్డను తిరగేసి, ముందు పక్క కుట్లను వెనక వైపు చిన్న ముడులతో బిగించి, అప్పుడు కత్తెర మొనతో పోగు తెంపి, ముందు నుంచి కుట్టును బయటికి తీశారు. ఒకటిన్నర సెంటీమీటర్ల పురికొస ముక్క నా అరచేతిలో పడింది. గుడ్డ మీద రెండు చిల్లులు. అలవాటు కొద్దీ ఆయన గోరుతో పోగులు సర్ది వాటిని మూయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

అడుగు దూరం నుంచి ఆ ఖాళీ కనిపించదు. వేలు పెట్టి వరుస వెంట నడిపితే తెలుస్తుంది. అందుకని ‘తాకరాదు’ బోర్డు ఈ ప్రదర్శనలో ఉండకూడదని నిర్ణయించుకున్నాను. నార మాసిపోతుంది, పోగులు అరిగిపోతాయి. కానివ్వండి.

జూన్ 8

పేర్ల సంగతి తేలింది. ఎనిమిది మంది పేర్లూ గుడ్డ పక్కన రాయాలని నేను, రాయకపోతే ఎవరి కోసమో ఎలా తెలుస్తుందని మిత్రులు అనుకున్నాం. కానీ పేర్లు రక్తక్షేత్రంలో ఉన్నాయి, ఉండవలసిన చోటా అదే. కుటుంబాలన్నిటినీ కలిసి అడగకుండా, పొలాల వైపు నుంచి వచ్చిన నేను వాటిని నా పని కింద అచ్చు వేయడం సబబు కాదు. నలుగురిని కలిశాను. ఇద్దరు సరేనన్నారు, ఒకరు వద్దన్నారు, ఒకరు ఆలోచించి చెబుతామన్నారు. కొందరివి రాసి కొందరివి మానడం కుదరదు. ప్రస్తుతానికి గోడ మీద ఊరి పేరు, మూడు తేదీలు, ‘ఒక కుట్టు ఒక రోజు’ అన్న ముక్క ఉంటాయి. దానితో పాటు ఈ గోతాలు ఎవరి ఇంటివో కూడా రాస్తున్నాను. అది చదివి మా బాబాయి ఫోను చేసి అరగంట తిట్టారు. తాత పరువు తీస్తున్నానట. గోతాలు మనవి కావా అని అడిగితే, ‘మనయ్యే, అయితే రాయాలా?’ అన్నారు. రాయాలి.

జూలై 19

గోదాము దొరికింది. పైకప్పు రేకులు రెండు చోట్ల కారుతున్నాయి, తారు పట్టీలు వేయించాం. కరెంటు పని మొదలుపెట్టి చూస్తే పాత తీగలన్నీ బోసిగా ఉన్నాయి. జనపనారకు నిప్పురవ్వ తగిలితే క్షణం పట్టదు కాబట్టి తీగలన్నీ మార్పించి, దీపాలను గుడ్డకు ఆరడుగుల దూరంలో పెట్టించి, ఇసుక బక్కెట్లు నాలుగు తెప్పించాను. అనుకున్న ఖర్చులో సగం ఇక్కడే అయిపోయింది.

జూలై 27

గుడ్డ ఎక్కించాం. ముప్పై అడుగుల జీఐ పైపును మూడు కొక్కేలకు తగిలించి, గుడ్డ పై అంచును పైపు చుట్టూ మడిచి కుట్టాం. వర్షాకాలం తేమకు నార బరువెక్కి నడుమ రెండంగుళాలు జారింది. నాలుగో కొక్కెం వేశాం. ఇప్పుడు వరుసలు తిన్నగా ఉన్నాయి, మూడోది తప్ప.

సాయంత్రం పెద్దమ్మ, ఆమె మనవరాలు, మరో ఇద్దరు ఆటోలో వచ్చారు. అందరూ కాసేపు దూరంగా నిలబడ్డారు. తర్వాత మనవరాలు దగ్గరికి వెళ్లి, తాను పుట్టిన తేదీ ఎక్కడుందని అడిగింది. పదో వరుసలో వెతికి చూపించాను. ఆమె ఆ కుట్టు మీద వేలుంచి ఫొటో తీయించుకుంది. వెంట వచ్చినవారిలో ఒకామె తన పెళ్లి రోజు అడిగింది, ఇంకొకామె భర్త పోయిన రోజు. నేను తేదీల జాబితా పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉన్నాను.

పెద్దమ్మ మొదటి కుట్టు తాకాలన్నారు. అది పై వరుసలో ఎడమ కొసన, నేలకు ఆరడుగుల పైన ఉంది. మడమలెత్తినా ఆమెకు అందలేదు. గ్యాలరీల్లో గుడ్డలు వేలాడే ఎత్తునే ఆలోచించకుండా పెట్టేశాను, కంటికి నడుమ వరుసలు ఎదురుగా ఉండేలా. స్టూలు తెస్తామంటే ఆమె వద్దని, ‘కిందికి దించండి’ అన్నారు.

జూలై 28

పొద్దున నలుగురం పట్టుకుని పైపును రెండడుగులు దించాం. మొదటి కుట్టు ఇప్పుడు నాలుగున్నర అడుగుల ఎత్తున, పెద్దమ్మ భుజానికి అందుతుంది. కింది వరుస నేలకు జానెడు పైన ఉంది. నిలబడి వంగినా 2014 కనిపించదు, కింద కూర్చోవలసిందే. ఇటుక నేల, తేమ కూడా ఉంది. బజారుకు వెళ్లి నాలుగు పెద్ద చాపలు తేవాలి.

పెద్దమ్మకు ఫోను చేశాను. దించామని చెబితే, ‘రేపొస్తా. కుర్చీ ఎయ్యబాక’ అన్నారు.